గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?
ఇంజిన్ విప్పించే ముందు పీసీవీ వాల్వు చూడండి

* ఆయిల్ తగ్గుతున్న ప్రతి ఇంజినూ బోరుకు వచ్చినట్లు కాదు
* చిటికెన వేలంత భాగం మూసుకుపోయినా అవే లక్షణాలు
* గుర్తించడం, పరీక్షించడం యజమానికీ సాధ్యమే

పదేళ్లు దాటిన పెట్రోలు కారు. నెల తిరిగేసరికి ఇంజిన్ ఆయిల్ అర లీటరు తగ్గిపోతోంది. ట్యాపెట్ కవర్ అంచుల వెంట జిడ్డు కారుతోంది. ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే అందులోనూ ఆయిలే. షెడ్డుకు తీసుకెళ్తే తరచుగా వినిపించే మాట ఒక్కటే... 'ఇంజిన్ బోరుకొచ్చింది సార్, విప్పాల్సిందే'. విప్పితే పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు, మజూరీ అన్నీ కలిసి ఖర్చు వేలల్లో ఉంటుంది. కారు రోజుల తరబడి షెడ్డులోనే ఉండిపోతుంది.

నిజంగానే ఇంజిన్ అరిగి ఉంటే ఆ ఖర్చు తప్పదు. అయితే ఈ లక్షణాలన్నింటికీ కొన్నిసార్లు కారణం ఇంజిన్ పైభాగంలో ఉండే ఒక చిన్న వాల్వు మాత్రమే. దాని పేరు పీసీవీ వాల్వు. 'పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్' అన్న మాటలకు ఇవి పొడి అక్షరాలు. చాలా మోడళ్లలో ఇది విడిగా దొరుకుతుంది, ధర కూడా వందల రూపాయల్లోనే ఉంటుంది. కాలుష్యాన్ని అరికట్టేందుకు కార్లలో అమర్చిన భాగాల్లో తొలితరానికి చెందినదీ ఇదే. ఇంత ముఖ్యమైనది అయినా ఇది ఎక్కడుంటుందో చాలామంది యజమానులకు తెలియదు. సర్వీసింగ్‌లోనూ దీన్ని మరచిపోవడం కద్దు. ఇంజిన్‌ను విప్పేందుకు అంగీకరించే ముందు ఈ వాల్వును వెతికి, గుర్తించి, పరీక్షించుకోవడం ఎలాగో చూద్దాం.

ఎందుకీ వాల్వు?

సిలిండర్‌లో పెట్రోలు మండినప్పుడు పుట్టే పీడనం వాతావరణ పీడనానికి పదుల రెట్లు ఉంటుంది. పిస్టన్ రింగులు ఎంత బిగుతుగా ఉన్నా ఆ వాయువుల్లో కొంత భాగం వాటి పక్కల నుంచి కిందికి, అంటే క్రాంక్‌కేస్‌లోకి జారుకుంటుంది. కొత్త ఇంజిన్‌లోనూ ఇది జరుగుతుంది. కాకపోతే పాతబడే కొద్దీ ఎక్కువవుతుంది. దీన్ని మెకానిక్కులు 'బ్లో బై' అంటారు.

అలా జారిన వాయువుల్లో సగం కాలిన పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు, నీటి ఆవిరి ఉంటాయి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుందన్న సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగించవచ్చు. అందులో అధిక భాగం సైలెన్సర్ గుండా పోతుంది. కొద్ది భాగం మాత్రం కిందికి చేరి ఆయిల్‌లో కలుస్తుంది. ఈ వాయువులను ఎప్పటికప్పుడు బయటికి తీయకపోతే రెండు నష్టాలు. ఒకటి, ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ చేరి అది నల్లని మడ్డిగా మారుతుంది. రెండు, క్రాంక్‌కేస్‌లో పీడనం పెరిగి ఆయిల్ ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి బయటికి తోసుకొస్తుంది.

పొగమంచు నేర్పిన పాఠం

పూర్వపు కార్లలో ఈ వాయువులను ఒక గొట్టం ద్వారా నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవారు. కారు ముందుకు కదులుతుంటే గాలి వేగానికి గొట్టంలోంచి వాయువులు బయటికి లాగబడేవి. ఆ రోజుల్లో అది తప్పుగా ఎవరికీ తోచలేదు.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరాన్ని 1940వ దశకం నుంచి కళ్లు మండించే పొగమంచు పీడించసాగింది. దాని పుట్టుక ఎక్కడిదో మొదట అంతుపట్టలేదు. 1950వ దశకం ఆరంభంలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన రసాయన శాస్త్రవేత్త ఏరీ హాగెన్-స్మిట్ ఆ ముడి విప్పారు. వాహనాలు, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వెలువడే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్ వంటి విష వాయువులుగా మారుతున్నాయని ఆయన తేల్చారు. ఏ నియంత్రణా లేని కారు నుంచి వెలువడే హైడ్రోకార్బన్లలో సుమారు 20 శాతం సైలెన్సర్ నుంచి కాక, క్రాంక్‌కేస్ గొట్టం నుంచే వస్తున్నాయని కూడా ఆ కాలపు పరిశోధనల్లో బయటపడింది.

దాంతో 1961 మోడల్ కార్ల నుంచి కాలిఫోర్నియాలోనూ, 1963 మోడళ్ల నుంచి అమెరికా అంతటా ఈ వాయువులను తిరిగి ఇంజిన్‌లోకే పంపి కాల్చివేసే ఏర్పాటు వచ్చింది. ఆ ఏర్పాటుకు గుండెకాయ పీసీవీ వాల్వు. కేటలిటిక్ కన్వర్టర్లు కార్లలోకి వచ్చింది ఆ తరువాత దశాబ్దంలో. మన దేశంలోనూ భారత్ స్టేజ్ ప్రమాణాల కింద పెట్రోలు కారు మోడల్‌కు ఆమోదం ఇచ్చే ముందు, క్రాంక్‌కేస్ వాయువులు బయటి గాలిలోకి వెలువడటం లేదని పరీక్షించి చూస్తారు.

పనిచేసే తీరు

ఇంజిన్ గాలి పీల్చుకునే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో పీడనం బయటికంటే తక్కువగా ఉంటుంది. నోటితో గొట్టం పీల్చినట్లు అది తనకు కలిపిన ప్రతి గొట్టాన్నీ లాగుతూ ఉంటుంది. పీసీవీ వాల్వు నుంచి ఒక గొట్టం ఈ మ్యానిఫోల్డ్‌కు చేరుతుంది. క్రాంక్‌కేస్ వాయువులు ఆ దారిన వెళ్లి, కొత్తగా వచ్చే గాలితో కలిసి సిలిండర్‌లో మళ్లీ మండిపోతాయి. ఇంకో పక్క నుంచి ఎయిర్ ఫిల్టర్ దాటిన స్వచ్ఛమైన గాలి మరో గొట్టం ద్వారా ట్యాపెట్ కవర్‌లోకి వస్తుంది. దీన్ని బ్రీదర్ పైపు అంటారు. ఒక దారిన మంచి గాలి లోనికి, మరో దారిన చెడు గాలి బయటికి. ఇంటికి రెండు వైపులా కిటికీలు ఉన్నట్లన్నమాట.

వాల్వు లోపల చిన్న స్ప్రింగు, దాని మీద కదిలే చిన్న ముక్క ఉంటాయి. ఇంజిన్ స్లోలో తిరుగుతున్నప్పుడు మ్యానిఫోల్డ్ లాగే బలం ఎక్కువ. అప్పుడా ముక్క ముందుకు జరిగి దారిని ఇరుకు చేస్తుంది. లేకపోతే గాలి ఎక్కువై ఇంజిన్ తడబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కి వేగంగా వెళ్తున్నప్పుడు లాగే బలం తగ్గుతుంది, బ్లో బై పెరుగుతుంది. అప్పుడు స్ప్రింగు ఆ ముక్కను వెనక్కు నెట్టి దారిని వెడల్పు చేస్తుంది. ఒకవేళ మ్యానిఫోల్డ్‌లో మంట ఎగదన్నితే వాల్వు పూర్తిగా మూసుకుని ఆ మంట క్రాంక్‌కేస్‌లోకి పోకుండా ఆపుతుంది. ఇన్ని పనులు చేసే ఈ వాల్వుకు కరెంటు తీగ అవసరం లేదు. మడ్డి పేరుకుని ఆ ముక్క ఒకచోట ఇరుక్కుపోవడమే దీనికి వచ్చే ప్రధాన జబ్బు.

ఎక్కడ వెతకాలి?

వెతికే ముందు జాగ్రత్తలు ముఖ్యం. కారును చదునైన చోట, ఆరుబయట నిలపాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేకు వేయాలి. మూసి ఉన్న గదిలో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. రేడియేటర్ ఫ్యాను దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది కాబట్టి చున్నీ, కండువా, చీర కొంగు వంటివి దరిదాపుల్లో ఉండరాదు. గొట్టాలు విప్పేది ఇంజిన్ చల్లారాకే.

మొదట ఆయిల్ పోసే మూతను చూసుకోవాలి. అది బిగించి ఉన్న పెద్ద మూకుడు వంటి భాగమే ట్యాపెట్ కవర్. కొన్ని కార్లలో దానిపై నల్లని ప్లాస్టిక్ అలంకరణ కవర్ ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా పైకి తీస్తే అసలు కవర్ కనిపిస్తుంది. ఇప్పుడు ట్యాపెట్ కవర్ నుంచి బయలుదేరే రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటిగా వేలితో తడుముతూ వెళ్లాలి. సాధారణంగా రెండు కనిపిస్తాయి.

ఒకటి ఎయిర్ ఫిల్టర్ డబ్బాకో, అక్కడి నుంచి వచ్చే పెద్ద గాలి గొట్టానికో చేరుతుంది. అది బ్రీదర్ పైపు. అందులో సాధారణంగా వాల్వు ఉండదు. రెండోది త్రాటిల్ బాడీని దాటి, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో కలుస్తుంది. మనం వెతుకుతున్నది ఈ రెండో గొట్టాన్నే. దాని ఈ చివరో ఆ చివరో పీసీవీ వాల్వు ఉంటుంది.

వాల్వు అమరిక మోడల్‌ను బట్టి మారుతుంది. ఎక్కువగా కనిపించేవి నాలుగు రకాలు. మొదటిది, ట్యాపెట్ కవర్‌పై ఒక రబ్బరు బుష్‌లో నొక్కి పెట్టిన రకం. చేత్తో మెల్లగా తిప్పుతూ లాగితే ఊడి వస్తుంది. రెండోది, కవర్‌కో మ్యానిఫోల్డ్‌కో మరలతో బిగించిన రకం. దీనికి పానా కావాలి. మూడోది, మ్యానిఫోల్డ్ కింద ఇంజిన్ బ్లాకుకు అమర్చిన రకం. ఇది పైనుంచి చూస్తే కనిపించదు. నాలుగోది, ట్యాపెట్ కవర్‌లోనే కలిసిపోయిన రకం. ఇటీవలి కార్లలో ఇది ఎక్కువ. కవర్‌పై గుండ్రని ప్లాస్టిక్ బిళ్ల వంటిది కనిపిస్తే దాని కింద పల్చటి రబ్బరు పొర ఉందని అర్థం. ఈ రకంలో కొన్నింటికి కవర్ మొత్తం మార్చాల్సి రావచ్చు కాబట్టి ఖర్చు పెరుగుతుంది.

విడి వాల్వు అయితే చిటికెన వేలు పొడవులో, లోహంతోనో నల్లని ప్లాస్టిక్‌తోనో చేసి ఉంటుంది. కొన్ని నిటారుగా, కొన్ని ఎల్ ఆకారంలో ఉంటాయి. కారుతో ఇచ్చిన పుస్తకంలోని సర్వీసింగ్ పట్టికలో 'పీసీవీ వాల్వు' అన్న వరుస ఉంటే, ఎన్ని కిలోమీటర్లకు తనిఖీ చేయాలో కూడా అక్కడే రాసి ఉంటుంది.

పోలికలతో పొరబడొద్దు

ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ చుట్టూ ఇలాంటి భాగాలు మరికొన్ని ఉంటాయి. వాటిని పీసీవీ వాల్వుగా భ్రమపడి విప్పితే కొత్త చిక్కులు వస్తాయి.

బ్రేకు బూస్టర్ వాల్వు: మ్యానిఫోల్డ్ నుంచి లావుపాటి గొట్టం డ్రైవరు ముందున్న గుండ్రని పెద్ద డబ్బాకు వెళ్తుంది. ఆ గొట్టంలోనూ గాలి ఒకవైపే పోనిచ్చే చిన్న వాల్వు ఉంటుంది. చూపులకు అచ్చం పీసీవీ వాల్వే. దీన్ని తాకరాదు. ఇది దెబ్బతింటే బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

పర్జ్ వాల్వు: పెట్రోలు ట్యాంకులోని ఆవిరిని బొగ్గు డబ్బా నుంచి ఇంజిన్‌లోకి వదిలేది ఇది. దీనికి కరెంటు ప్లగ్గు ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే చేతికి టిక్ టిక్‌మని తగులుతుంది. ఇదీ కాలుష్య నియంత్రణ భాగమే. కానీ పని వేరు.

ఈజీఆర్ వాల్వు: పొగ గొట్టం వైపు నుంచి లోహపు పైపుతో వస్తుంది. పరిమాణంలో పెద్దది, ముట్టుకుంటే కాలుతుంది. రబ్బరు గొట్టంతో ట్యాపెట్ కవర్‌కు దీనికి సంబంధం ఉండదు.

గుర్తు సులభం. ఒక చివర ట్యాపెట్ కవర్‌కో ఇంజిన్ బ్లాకుకో, మరో చివర ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కు కలిసి ఉండాలి. ఈ రెండు చివరలూ కుదిరితేనే అది పీసీవీ మార్గం.

అయిదు నిమిషాల పరీక్ష

కాగితం పరీక్ష: ఇంజిన్ స్లోలో తిరుగుతుండగా ఆయిల్ మూతను నెమ్మదిగా తీసి, ఆ రంధ్రంపై పోస్టుకార్డు మందం కాగితం పెట్టాలి. పీసీవీ బాగుంటే కొద్ది క్షణాల్లో కాగితం మెల్లగా రంధ్రానికి అతుక్కుంటుంది. కాగితం పైకి ఎగురుతూ, కింద నుంచి పొగ తన్నుకొస్తుంటే వాల్వు మూసుకుపోయి ఉండాలి లేదా బ్లో బై మితిమీరి ఉండాలి. మూత తీయడానికే రాకుండా లోనికి గట్టిగా లాగుతుంటే వాల్వు తెరుచుకుని ఉండిపోయిందనో, రబ్బరు పొర చిరిగిందనో అనుమానించాలి.

వేలి పరీక్ష: నొక్కి పెట్టిన రకం వాల్వు అయితే, గొట్టం అలాగే ఉంచి వాల్వును బుష్ నుంచి బయటికి లాగాలి. ఇంజిన్ స్లోలో ఉండగా బుస్సుమన్న చప్పుడు వినిపించాలి. వాల్వు నోటికి వేలు అడ్డుపెడితే గట్టిగా లాగాలి. లాగకపోతే ఇంజిన్ ఆపి, వాల్వును గొట్టం నుంచి వేరుచేసి, మళ్లీ స్టార్ట్ చేసి గొట్టం చివర వేలు పెట్టి చూడాలి. అక్కడ బలంగా లాగుతుంటే దోషం వాల్వుది. అక్కడా లాగకపోతే గొట్టమో, మ్యానిఫోల్డ్‌లోని రంధ్రమో మసితో మూసుకుపోయిందన్నమాట. ఈ చిన్న తేడా తెలియక కొత్త వాల్వు వేసినా ఫలితం లేదని వాపోయేవారూ ఉన్నారు.

ఊపి చూడటం: ఇంజిన్ ఆపి, వాల్వును పూర్తిగా తీసి చెవి దగ్గర ఊపాలి. లోపలి ముక్క టక్ టక్‌మని కదలాలి. చప్పుడు రాకపోతే ఇరుక్కుపోయినట్లే. చప్పుడు వచ్చినంత మాత్రాన పూర్తిగా బాగున్నట్లు మాత్రం కాదు. స్ప్రింగు బలహీనపడినా చప్పుడు వస్తుంది. రబ్బరు పొర రకానికి ఈ పరీక్ష వర్తించదు.

లక్షణాలు రెండు తీరులు

వాల్వు మూసుకుపోతే వాయువులకు దారి ఉండదు. అవి బ్రీదర్ పైపు గుండా వెనక్కు తన్ని, ఆయిల్ తుంపరలను ఎయిర్ ఫిల్టర్‌లోకి మోసుకుపోతాయి. ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ చెమరుస్తుంది. క్రాంక్ ఆయిల్ సీలు కారుతుంది. ఆయిల్ కొలిచే పుల్ల ఒక్కోసారి తనంతట తానే పైకి లేస్తుంది. సీలు మార్చినా కొద్ది వారాల్లో మళ్లీ కారుతుంటే, దోషం సీలులో కాక లోపలి పీడనంలో ఉందేమో చూడాలి.

వాల్వు తెరుచుకునే ఉండిపోతే కథ వేరు. స్లోలో ఇంజిన్ తడబడుతుంది లేదా అవసరానికి మించి వేగంగా తిరుగుతుంది. రబ్బరు పొర చిరిగితే సన్నని ఈల వినిపిస్తుంది. ఇంజిన్ ఆయిల్‌ను కూడా పీల్చి కాల్చేస్తుంది. డ్యాష్‌బోర్డుపై ఇంజిన్ దీపం వెలిగే కార్లలో స్కానర్ పెడితే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని చెప్పే పీ 0171 కోడ్ కనిపించవచ్చు. ఆ కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం తొందరపాటు. అదే కోడ్‌కు చిరిగిన గొట్టం కూడా కారణం కావచ్చు.

ఆయిల్ మూత కింద తెల్లని మీగడ వంటిది కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కార్లలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కక తేమ అలా పేరుకుంటుంది. పీసీవీ మూసుకుపోతే ఇంకా ఎక్కువవుతుంది. అయితే దాంతోపాటు రేడియేటర్‌లో కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. వెంటనే మెకానిక్కుకు చూపించాలి.

నిజంగా బోరే అయితే...

వాల్వు బాగుండి, గొట్టాలు శుభ్రంగా ఉండి కూడా ఆయిల్ తగ్గుతుంటే అప్పుడు ఇంజిన్‌ను అనుమానించాలి. అప్పుడూ విప్పే ముందు కంప్రెషన్ పరీక్ష చేయమని అడగాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌కు గేజి పెట్టి చూసే పరీక్ష ఇది. ఒక సిలిండర్‌లో తక్కువ వస్తే అందులో కొద్దిగా ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. రెండోసారి బాగా పెరిగితే రింగులు అరిగాయని, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో దెబ్బతిన్నాయని ఒక అంచనాకు రావచ్చు.

పొగ కూడా కొంత చెబుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నీలి పొగ వస్తే రింగులపైనా, ఎత్తు దిగుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు గుప్పుమంటే వాల్వు సీళ్లపైనా అనుమానం. సీళ్ల మార్పిడికి చాలా ఇంజిన్లలో బోరింగ్ అవసరం లేదు. రింగులు నిజంగా అరిగిన ఇంజిన్‌కు కొత్త పీసీవీ వాల్వు వేసినా జబ్బు నయం కాదన్నదీ గుర్తుంచుకోవాలి. అక్కడ వాల్వును నిందించడం ఎంత తప్పో, వాల్వు చూడకుండా ఇంజిన్ విప్పడమూ అంతే తప్పు.

గొట్టం కిందికి వదిలేస్తే?

ఎయిర్ ఫిల్టర్‌లోకి ఆయిల్ వస్తోందని బ్రీదర్ పైపును ఊడదీసి కిందికి వేలాడదీయడం కొన్ని షెడ్లలో కనిపించే చిట్కా. ఫిల్టర్ శుభ్రంగా ఉంటుంది నిజమే. కానీ అరవై ఏళ్ల కిందట లాస్ ఏంజెలెస్ వదిలించుకున్న జబ్బును మన వీధిలోకి తెచ్చుకున్నట్లే. ఆ వాయువులు ఏసీ గాలితోపాటు కారులోకీ చేరి, పెట్రోలు వాసనతో తలనొప్పి పుట్టిస్తాయి. ఊడదీసిన చోటు నుంచి ఫిల్టర్ దాటని దుమ్ము ఇంజిన్‌లోకి వెళ్తుంది. మన రోడ్ల దుమ్ముకు రింగులు అరగడానికి ఎంతో కాలం పట్టదు. లేని బోరును అప్పుడు నిజంగానే తెచ్చిపెట్టుకున్నట్లవుతుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అన్న ధీమా కూడా సరికాదు. ఆ పరీక్షలో సైలెన్సర్ చివర వెలువడే వాయువులనే కొలుస్తారు. బీఎస్-4 పెట్రోలు కారు స్లోలో ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించరాదన్నది నిబంధన. కింద వేలాడే గొట్టం నుంచి పోయేది ఆ యంత్రానికి తెలియదు. సర్టిఫికెట్ చేతికి వస్తుంది, విషం మాత్రం రోడ్డు మీదికి పోతూనే ఉంటుంది. వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి వాహనం నడిపితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తొలి తప్పుకే 10 వేల రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చు. 3 నెలలు లైసెన్సు అనర్హత కూడా ఉంటుంది.

వాల్వు తెరుచుకుని ఆయిల్ కాలుతున్న కారును అలాగే నడిపినా నష్టమే. ఆయిల్‌లోని భాస్వరం, జింకు వంటివి కేటలిటిక్ కన్వర్టర్ లోపలి పూతపై పేరుకుని దాన్ని క్రమంగా పనికిరాకుండా చేస్తాయి. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాలతో చేసిన ఆ భాగం మార్చాలంటే భారం తప్పదు. వందలతో పోయేది అలా వేలకు చేరుతుంది.

కొనేటప్పుడు...

విజయవాడ ఆటోనగర్ వంటి చోట కారు విడిభాగాల దుకాణాలకు కొదవ లేదు. అయితే 'పీసీవీ వాల్వు ఇవ్వండి' అంటే చాలదు. కారు మోడల్, తయారైన సంవత్సరం, ఇంజిన్ రకం చెప్పాలి. ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాలు, అంకెల చాసిస్ నంబరు చూపిస్తే కంపెనీ డీలరు వద్ద సరైన పార్ట్ నంబరు దొరుకుతుంది. పాత వాల్వును వెంట తీసుకెళ్లడం మరీ మంచిది.

చూపులకు ఒకేలా ఉన్న రెండు వాల్వుల లోపలి రంధ్రం, స్ప్రింగు బలం వేరుగా ఉండవచ్చు. ఆ ఇంజిన్ విడిచే వాయువులకు తగినట్లు వాటిని లెక్కగట్టి తయారుచేస్తారు. పోలిక చూసి మరో కారు వాల్వు వేస్తే ఇంజిన్ తడబడటమో ఆయిల్ పీల్చడమో మళ్లీ మొదలవుతుంది.

రబ్బరు బుష్ గట్టిపడి పగిలి ఉంటే దాన్ని కూడా మార్చాలి. గొట్టం ఆయిల్‌ను, వేడిని తట్టుకునేదై ఉండాలి. నీళ్ల పైపు ముక్క వేస్తే కొద్ది రోజుల్లోనే మెత్తబడి లోనికి ముడుచుకుపోతుంది. విడి లోహపు వాల్వును కార్బొరేటర్ క్లీనర్‌తో కడిగి వాడుకోవచ్చు గానీ, రబ్బరు పొర ఉన్నదానిపై ఆ మందు చల్లరాదు. పాతదాన్ని అమర్చేటప్పుడు దిశ తారుమారు కాకుండా చూసుకోవాలి. మార్చిన తరువాత ఆయిల్ మట్టాన్ని గుర్తుపెట్టి, వెయ్యి కిలోమీటర్ల తరువాత మళ్లీ కొలిస్తే ఫలితం మీకే తెలుస్తుంది.

డీజిల్ కార్ల సంగతి

డీజిల్ ఇంజిన్ల మ్యానిఫోల్డ్‌లో పెట్రోలు ఇంజిన్లంతగా లాగే బలం ఉండదు. అందువల్ల వీటిలో స్ప్రింగు వాల్వుకు బదులు ట్యాపెట్ కవర్‌పైనో పక్కనో ఆయిల్‌ను వడగట్టే చిన్న గది, పీడనాన్ని అదుపు చేసే రబ్బరు పొర ఉంటాయి. టర్బో ఉన్న పెట్రోలు కార్లలో గాలిని ఒకవైపే పోనిచ్చే వాల్వులు అదనంగా ఉంటాయి. ఈ రెండు రకాలకూ పైన చెప్పిన వేలి పరీక్ష, ఊపి చూసే పరీక్ష కుదరవు. కాగితం పరీక్షలో పొగ బాగా తన్నితే మాత్రం శ్రద్ధ పెట్టాల్సిందే.

గుర్తుంచుకోండి

* ఆయిల్ తగ్గినా, కారినా మొదట చూడాల్సింది పీసీవీ వాల్వు, దాని గొట్టాలు.
* ఒక చివర ట్యాపెట్ కవర్ లేదా ఇంజిన్ బ్లాకు, మరో చివర ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ఉంటేనే అది పీసీవీ మార్గం.
* బ్రేకు బూస్టర్ గొట్టం జోలికి పోవద్దు.
* వేలికి లాగడం తెలియకపోతే వాల్వుతోపాటు గొట్టాన్నీ, మ్యానిఫోల్డ్ రంధ్రాన్నీ చూడాలి.
* కంప్రెషన్ పరీక్ష ఫలితం చూడకుండా ఇంజిన్ విప్పేందుకు ఒప్పుకోవద్దు.
* బ్రీదర్ పైపును ఎట్టి పరిస్థితుల్లోనూ కిందికి వదిలేయవద్దు.
* తదుపరి సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డుపై 'పీసీవీ తనిఖీ' అని రాయించండి.